క్లినికల్ ట్రయల్‌లో చేరితే ఇన్సూరెన్స్ మొత్తం ఆపేస్తుందా? అమ్మ విషయంలో అర్జెంట్

నందివర్ధనం:

అందరికీ నమస్తే. పోస్టు పెద్దది, దయచేసి ఓపిగ్గా చదవండి. అమ్మకి 61 ఏళ్లు. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అక్కడా ఇక్కడా కోతలు పెట్టినా మొత్తానికి చెల్లించారు. పోయిన నెల స్కాన్‌లో కాలేయంలో మళ్లీ కనపడింది.

డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. ఒకటి మామూలుగా ఇచ్చే మందు. రెండోది వాళ్ల దగ్గరే నడుస్తున్న మూడో దశ క్లినికల్ ట్రయల్. అందులో కొత్త మందు వస్తుందా, మామూలు మందు వస్తుందా అన్నది కంప్యూటర్ తేలుస్తుందట, డాక్టరు చేతిలో కూడా ఉండదట. అమ్మ ట్రయల్‌కే మొగ్గు చూపింది. "నాకు పనిచేయకపోయినా రేపు ఇంకొకరికి తెలుస్తుంది కదా" అంది.

చిక్కంతా ఇన్సూరెన్స్ దగ్గర. కస్టమర్ కేర్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటి ఆవిడ కొత్త మందు ఒక్కటే కవర్ కాదంది. రెండో అతను ట్రయల్‌లో చేరితే ఆ క్యాన్సర్‌కి సంబంధించిన ఏ బిల్లూ రాదన్నాడు. మెయిల్ పెడితే ఒకే వాక్యం జవాబు వచ్చింది: "ప్రయోగాత్మక చికిత్సకు సంబంధించిన ఖర్చులు పాలసీ పరిధిలోకి రావు." ఇటు హాస్పిటల్ వాళ్లు ఇచ్చిన కన్సెంట్ ఫారంలో 14వ పేజీలో, పరిశోధనకు సంబంధం లేని వైద్య ఖర్చులు రోగి గానీ బీమా సంస్థ గానీ భరించాలని ఉంది. "సంబంధించిన" అంటే ఎంతవరకు, "సంబంధం లేని" అంటే ఎక్కడి నుంచి, ఆ గీత ఎవరు గీస్తారో నాకు తెలియడం లేదు.

అమ్మ దగ్గర ఒక నీలం అట్ట నోట్‌బుక్ ఉంది. మొదటిసారి కీమో అప్పుడు ప్రతి సైకిల్ (ఒక విడత కీమో) తేదీ, తెల్ల రక్తకణాల సంఖ్య, ఆ రోజు ఏం తినగలిగిందో రాసుకునేది. నిన్న రాత్రి చూస్తే కొత్త పేజీలో ఒక పక్క ట్రయల్ అని, ఇంకో పక్క అప్పు అని రాసుకుని ఉంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

రెండు ప్రశ్నలు. ఒకటి, అసలు ఏది ఎవరు కట్టాలి? రెండోది, ఇది కోపంతో అడుగుతున్నాను, ఇలా బీమా చేతులెత్తేస్తే ట్రయల్స్‌లో ఎవరు చేరతారు, కొత్త మందులు ఎలా వస్తాయి?


ట్రయల్ డెస్క్:

నేను 11 ఏళ్లుగా క్యాన్సర్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేస్తున్నానండి. ముందు అమ్మగారికి నా నమస్కారాలు. మీరు అడిగిన గీత నిజంగానే ఉంది, అది మీ చేతికి ఎవరూ ఇవ్వలేదు అంతే.

ట్రయల్ ఖర్చుని మేం మూడు కుప్పలు చేస్తాం. మొదటిది పరీక్షిస్తున్న కొత్త మందు, ఇది దాదాపు ఎప్పుడూ స్పాన్సర్, అంటే ట్రయల్ నడిపించే సంస్థ, ఉచితంగా ఇస్తాడు. రెండోది కేవలం పరిశోధన కోసం చేసేవి: అదనపు బయాప్సీ, సెంట్రల్ ల్యాబ్‌కి పంపే రక్తం గొట్టాలు, మామూలుగా అవసరమైన దానికంటే ఎక్కువసార్లు తీసే స్కాన్లు. ఇవీ స్పాన్సరే. మూడోది, అమ్మగారు ట్రయల్‌లో చేరకపోయినా ఎలాగూ అయ్యే ఖర్చు: డాక్టరు ఫీజు, డే కేర్ బెడ్, వాంతులు తగ్గించే ఇంజెక్షన్, ప్రతి సైకిల్ ముందు చేసే బ్లడ్ కౌంట్, మామూలు వ్యవధిలో తీసే స్కాన్. గొడవంతా ఈ మూడో కుప్ప మీదే. ట్రయల్ లేకపోతే ఏ పేచీ లేకుండా చెల్లించే బిల్లునే, ట్రయల్ అన్న మాట కనపడగానే ఆపేస్తారు.

స్కాన్ సంగతే తీసుకోండి, అర్థమవుతుంది. మామూలు వైద్యంలో పన్నెండు వారాలకోసారి తీస్తారు అనుకుందాం. ప్రొటోకాల్‌లో, అంటే ట్రయల్ ఎలా నడవాలో రాసిన ప్రణాళికలో, ఆరు వారాలకోసారి అని ఉంది. అప్పుడు ఆరో వారం స్కాన్ స్పాన్సర్‌ది, పన్నెండో వారం స్కాన్ బీమాది, పద్దెనిమిదో వారంది మళ్లీ స్పాన్సర్‌ది. ఇలా ప్రతి టెస్టుకి, ప్రతి విజిట్‌కి ఒక పట్టిక ఉంటుంది. దాన్ని కవరేజ్ అనాలిసిస్ అంటాం, చాలాచోట్ల ట్రయల్ తెరవకముందే తయారు చేస్తారు. రేపు వెళ్లగానే "బిల్లింగ్ గ్రిడ్ గానీ కవరేజ్ అనాలిసిస్ గానీ చూపించండి" అని అడగండి. లేదంటే ప్రొటోకాల్ షెడ్యూల్ తీసుకుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి ఇది ఎవరిది అని అడిగి రాయించుకోండి, మొహమాటపడకండి.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. పోలిక కోసం ఇచ్చే మామూలు మందుని కొన్ని ట్రయల్స్‌లో స్పాన్సర్ ఇస్తాడు, కొన్నింట్లో అది ఎలాగూ ఇచ్చే వైద్యమే కాబట్టి బీమాకి బిల్లు వేస్తారు. కంప్యూటర్ తేల్చేది మందునే కాదు, అమ్మగారి బిల్లుని కూడా, అందుకే రెండు వైపులా లెక్క ముందే తెలుసుకోవాలి. ఇంకోటి, ట్రయల్ మందు వల్ల హాని జరిగితే వైద్యం ఎవరు చేయించాలన్నది. దీనికి దేశానికో రూలు ఉంది. భారత్‌లో అయితే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఆ వైద్యం స్పాన్సర్ ఉచితంగా చేయించాలి, నష్టపరిహారానికీ నిబంధనలు ఉన్నాయి. కన్సెంట్ ఫారంలో ఆ భాగం రెండుసార్లు చదవండి.

మీ రెండో ప్రశ్నకి అమెరికా అనుభవం చెబుతాను. 65 దాటినవాళ్లకి ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా 2000 దాకా ట్రయల్ రోగుల మామూలు ఖర్చులు కడతానని స్పష్టంగా చెప్పలేదు. క్యాన్సర్ ఎక్కువగా వచ్చే వయసు అదే, ట్రయల్స్‌లో తక్కువగా కనిపించేదీ వాళ్లే. 2000లో ఆ ఖర్చులు కట్టాలని ఆదేశం వచ్చింది. ప్రైవేటు పాలసీలకి అలాంటి బాధ్యత ఒబామా కాలంలో 2010లో చేసిన చట్టం ద్వారా 2014 నుంచి వచ్చింది. పేదల కోసం ఉన్న మెడికెయిడ్‌కి మాత్రం 2022 జనవరి దాకా దేశమంతటికీ వర్తించే ఆ రూలు రాలేదు. ఆ క్రమం గమనించండి, పేదవాళ్ల వంతు అందరికంటే చివర వచ్చింది. డబ్బున్నవాళ్ల శరీరాల మీద మాత్రమే పరీక్షించిన మందు రేపు అందరికీ రాస్తాం. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.


పాత క్లెయిమ్స్ మనిషి:

పైన చెప్పింది హాస్పిటల్ వైపు నుంచి. నేను తొమ్మిదేళ్లు క్లెయిమ్స్ విభాగంలో ఫైళ్లు చూశాను, ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబుతా.

ఫోన్‌లో చెప్పిన 'నో' తిరస్కరణే కాదు. దానికి విలువ లేదు, దాని మీద అప్పీల్ చేయలేరు. మీకు వచ్చిన ఒక్క వాక్యం మెయిల్ కూడా సగమే. ఏ క్లాజ్ కింద, ఏ ఖర్చుకి, అని రాతపూర్వకంగా అడగండి. క్లాజ్ నంబర్ రాయాల్సి వచ్చినప్పుడు వాళ్లే పాలసీ తెరిచి చదువుతారు, చాలాసార్లు అక్కడే మాట మారుతుంది. ఎందుకంటే ఎక్కువ పాలసీల్లో మినహాయింపు ఉండేది నిరూపణ కాని చికిత్సకి. నిరూపణ కాని చికిత్స తీసుకుంటున్న మనిషికి చేసే బ్లడ్ టెస్టుకి కాదు. కానీ భాష వదులుగా రాస్తే చదివేవాడు తన సంస్థకి అనుకూలంగానే చదువుతాడు. నేనూ అలా చదివినవాడినే, తర్వాత చాలా బాధపడ్డాను.

ఫైలు చూసేవాడి దగ్గర ఒక్కో కేసుకి ఉండేది నిమిషాలే. డిశ్చార్జ్ సమ్మరీ మొదటి లైనులో 'స్టడీ పేషెంట్' అని ఉంటే అక్కడే చేయి ఆగిపోతుంది. దాచమని నేను చెప్పను, ఎప్పుడూ దాచకండి, దాచితే ఆ తర్వాత పాలసీకే ముప్పు. డాక్టరు గారిని వేరే ఒక లెటర్ అడగండి. అందులో జబ్బు, స్టేజ్, ట్రయల్ లేకపోతే ఇవ్వాల్సిన మామూలు వైద్యం ఏమిటి, ఇప్పుడు బీమాకి పంపే బిల్లులో ఉన్నవన్నీ ఆ మామూలు వైద్యంలోవే అని, స్పాన్సర్ ఇచ్చేవి వేరుగా ఇవీ అని ఉండాలి. పట్టిక జత చేయండి. అప్పటికీ కాదంటే మీ డాక్టరు గారు బీమా సంస్థ డాక్టరుతో నేరుగా మాట్లాడే అవకాశం అడగండి, ఒక ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టరు) పది నిమిషాలు మాట్లాడితే తేలిపోయిన కేసులు చాలా చూశాను. దాని తర్వాత అప్పీల్, ఆ తర్వాత బయటి ఫిర్యాదు అధికారి. ఈ మెట్లు మీ పాలసీ పత్రంలోనే చివరి పేజీల్లో ఉంటాయి.

ట్రయల్ గొడవలో పడి పాలసీలో మిగతావి మర్చిపోకండి. క్యాన్సర్ మందుకి సబ్ లిమిట్ (ఆ ఒక్క ఖర్చుకి విడిగా పెట్టిన పరిమితి) ఉందా, కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) ఎంత, ఈ ఏడాది మొత్తంలో ఇంకా ఎంత మిగిలింది, రెన్యువల్ తేదీ ఎప్పుడు. రెన్యువల్ ఒక్క రోజు కూడా దాటనివ్వకండి. ఇంకోటి చాలామందికి తెలియదు, డ్రిప్ ద్వారా ఎక్కిస్తే హాస్పిటల్ బిల్లు, ఇంట్లో మింగే మాత్ర అయితే అవుట్ పేషెంట్ బిల్లు. పాత పాలసీలన్నీ మంచం మీద పడుకున్న రోగిని ఊహించుకుని రాసినవి. 2001లో ఇమాటినిబ్ వచ్చి, ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌ని రోజూ వేసుకునే మాత్రతో అదుపులో పెట్టినప్పుడు ఆ రాతలకి దిక్కు తోచలేదు. అదే జబ్బుకి మాత్ర వేసుకునేవాళ్ల జేబు ఖాళీ అయ్యేది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2007లో మాత్రకీ డ్రిప్‌కీ రోగి మీద ఒకే భారం పడాలని మొదటి చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అమ్మగారికి ఇచ్చేది మాత్రా, ఇంజెక్షనా? అది ముందే చూసుకోండి.


ఆరో సైకిల్:

నందివర్ధనం గారూ, నా కథ చిన్నగా చెబుతా, తేదీల విషయంలో మీకు పనికొస్తుంది.

నాకు పెద్దపేగు క్యాన్సర్, నాలుగో స్టేజ్. నేను చేరాలనుకున్న ట్రయల్‌లో ఒక షరతు ఉంది, మందు మొదలుపెట్టే రోజుకి స్కాన్ 28 రోజులకంటే పాతది కాకూడదు. నా స్కాన్ అయ్యింది. పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టడానికి బీమా వాళ్లకి ప్రీ ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి కోసం పంపారు. ఒకరోజు ఒక కాగితం తక్కువన్నారు, పంపాం. నాలుగు రోజులకి అదే కాగితం మళ్లీ అడిగారు. మొత్తం 19 రోజులు పట్టింది. అనుమతి వచ్చేసరికి, తేదీ దొరికేసరికి, స్కాన్‌కి 31 రోజులు. మళ్లీ తీయాలి. నెల తిరగకుండా రెండో స్కాన్ ఎందుకని బీమా వాళ్లు కాదన్నారు. ఆ ఆలస్యానికి కారణం వాళ్లే అని ఎవరికి చెప్పుకోవాలి? సొంత డబ్బుతో తీయించుకున్నాను. ఆ లోపు లివర్ ఎంజైమ్‌లు పెరిగాయి, ట్రయల్‌కి పనికిరావన్నారు. కోఆర్డినేటర్ అమ్మాయి ఆ మాట చెప్పడానికి కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది, ఆ పిల్ల కళ్లలోనే నీళ్లు.

ఇప్పుడు మామూలు మందు మీద ఉన్నాను, ఆరో సైకిల్ అయ్యింది, ఫర్వాలేదు. కానీ ఆ ట్రయల్ లెక్కల్లో నేను 'స్క్రీన్ ఫెయిల్యూర్', అంటే చేరే ముందు పరీక్షల్లోనే పనికిరాలేదని రాసిన ఒక గీత. 19 రోజుల సంగతి అందులో ఎక్కడా ఉండదు.

అందుకే చెబుతున్నా, స్కాన్ తీయించే ముందే అనుమతులన్నీ తెచ్చుకోండి. స్కాన్‌ని చివరన పెట్టండి.


లెక్కల మాస్టారు:

ట్రయల్స్ గణాంకాలు చూడటం నా పని. రెండో ప్రశ్న గురించి రాస్తాను, ఎందుకంటే బీమా కట్టకపోతే పరిశోధన ఆగిపోతుందన్నది సగం నిజమే. గుడ్డిగా కట్టేసినా పరిశోధన ఆగిపోతుంది, దానికి ఒక దుఃఖకరమైన చరిత్ర ఉంది.

1980ల చివర్లో, ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కి ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఎముక మజ్జ చచ్చిపోయేంత భారీ మోతాదులో కీమో ఇవ్వడం, ముందే తీసి దాచిన రోగి సొంత మజ్జని తిరిగి ఎక్కించడం. పోల్చి చూసే గుంపు లేని చిన్న అధ్యయనాల్లో బాగా పనిచేస్తున్నట్టు కనిపించింది. బీమా సంస్థలు ప్రయోగాత్మకం అని నిరాకరించాయి, రోగులు కోర్టుకెళ్లారు. 1993 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఒక జ్యూరీ, అప్పటికే చనిపోయిన ఒక మహిళ కుటుంబానికి 8.9 కోట్ల డాలర్లు ఇవ్వమని ఒక బీమా సంస్థ మీద తీర్పిచ్చింది. ఆ తర్వాత సంస్థలు భయపడి చెల్లించడం మొదలుపెట్టాయి, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు చెల్లించి తీరాలని చట్టమే చేశాయి.

అదే సమయంలో, ఇది నిజంగా పనిచేస్తుందా అని తేల్చే ట్రయల్స్ కూడా నడుస్తున్నాయి. వాటిలో సగం మందికి మామూలు కీమోనే వస్తుంది. బయట అడిగితే బీమా డబ్బుతో ఆ మజ్జ చికిత్స చేసేస్తుంటే, చీటీ వేసుకుని సగం అవకాశానికి ఎవరు ఒప్పుకుంటారు? ట్రయల్స్‌లో చేరేవాళ్లు లేక ఏళ్లకేళ్లు సాగాయి. చివరికి 1999 మేలో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం సమావేశంలో ఐదు ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. నాలుగింట్లో ప్రాణం నిలబెట్టే విషయంలో మామూలు కీమోకి మించిన లాభం కనపడలేదు. ఐదోది దక్షిణాఫ్రికాది, అద్భుతంగా ఉందన్నారు, మరుసటి ఏడాది తనిఖీకి వెళ్లినవాళ్లకి ఆ లెక్కలు నిజం కావని తెలిసింది. ఈలోపు వేలాది మంది స్త్రీలు ఆ చికిత్స తీసుకున్నారు, కొందరు ఆ చికిత్స వల్లే చనిపోయారు. ఆ తల్లుల తప్పు లేదు, వాళ్ల లాయర్ల తప్పు కూడా నేను అనను, బతకాలని అడిగారు. కానీ నిరాకరించి ఊరుకోవడం, లేదా భయపడి అందరికీ కట్టేయడం, ఈ రెండే దారులుగా చూశారు. ట్రయల్‌లో చేరితే కడతాం అన్న మూడో దారిని గట్టిగా పట్టుకుని ఉంటే జవాబు ఏళ్ల ముందే వచ్చేది. కొన్ని సంస్థలు అలా కట్టాయి కూడా, అవి చాలలేదు.

ఆ మూడో దారి పనిచేస్తుందని తర్వాత తేలింది. 2006లో మెడికేర్, క్యాన్సర్ పెట్ (PET) స్కాన్ల విషయంలో, అంటే ఒళ్లంతా క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూపే స్కాన్ల విషయంలో, ఒక షరతు పెట్టింది: ఇంకా రుజువు సరిపోని రకాల క్యాన్సర్లకి కూడా కడతాం, కానీ స్కాన్‌కి ముందు మీ ప్లాన్ ఏమిటి, తర్వాత ఏమిటి అన్నది డాక్టరు రిజిస్ట్రీలో (అందరి వివరాలు ఒకచోట చేర్చే జాబితా) నమోదు చేయాలి. మొదటి ఏడాదిలోనే దాదాపు 23 వేల స్కాన్ల సమాచారం వచ్చింది. మూడింట ఒక వంతుకి పైగా రోగుల్లో డాక్టరు ఆలోచన మారింది. దాన్ని చూసి 2009లో కవరేజ్ పెంచారు. ఇంగ్లండ్‌లో 2011లో పెట్టిన క్యాన్సర్ మందుల నిధి మొదట్లో డబ్బు ఇచ్చింది గానీ ఆ మందుల వల్ల రోగులకి ఏమైందో లెక్క సరిగా లేదు. 2016లో మార్చారు. ఇప్పుడు అనుమానం ఉన్న మందుని కొంతకాలం ఇస్తూ, ఆ రోగుల సమాచారం సేకరించి, తర్వాత కొనసాగించాలో వద్దో తేలుస్తారు.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన దాంట్లో, అమెరికాలో సరిగ్గా 65వ ఏట, అంటే మెడికేర్ చేతికొచ్చే ఏట, ఊపిరితిత్తులు, రొమ్ము, పెద్దపేగు, ప్రొస్టేట్ క్యాన్సర్లు బయటపడటం ఒక్కసారిగా పెరుగుతోంది. ఆ ఒక్క ఏడాదిలో జబ్బు అంతగా పెరగదు కదా. బీమా వచ్చేదాకా టెస్టు వాయిదా వేసుకున్నవాళ్లు వాళ్లు. ఆ గ్రాఫ్‌లో పైకి లేచిన గీతని చూస్తే నాకు వెయిటింగ్ హాల్లో కూర్చున్న మనుషులే కనిపిస్తారు.


నందివర్ధనం:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజుల్లో జరిగింది రాస్తున్నా.

హాస్పిటల్లో అడిగితే మొదట లేదన్నారు. కవరేజ్ అనాలిసిస్ అన్న మాట వాడగానే లోపలికి వెళ్లి మూడు పేజీల పట్టిక తెచ్చారు. నిజంగానే ప్రతి గడిలో ఎస్ అనో ఐ అనో ఉంది, స్పాన్సర్, ఇన్సూరెన్స్. అదనపు బయాప్సీ, ఆరు వారాల స్కాన్లు స్పాన్సర్‌వి. పోలిక మందు మాత్రం ఐ. కో-పేతో కలిపి లెక్క వేసుకుంటే, ట్రయల్‌లో చేరకపోయినా మేం కట్టాల్సింది దాదాపు అంతే. కొత్త మందు వస్తే ఇంకా తక్కువ. రెండూ ఇంజెక్షన్లేనట.

పాత క్లెయిమ్స్ గారు చెప్పినట్టు డాక్టరు గారి లెటర్, పట్టిక జత చేసి, క్లాజ్ నంబర్ అడుగుతూ మళ్లీ రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఈసారి రెండు పేజీలు. ట్రయల్ మందుకి, పరిశోధన టెస్టులకి మాత్రమే మినహాయింపు వర్తిస్తుందని, మిగతావి మామూలు నిబంధనల ప్రకారం పరిశీలిస్తామని ఉంది. 'పరిశీలిస్తాం' అన్న మాట నాకు ఇంకా టెన్షనే. గురువారం వాళ్ల డాక్టరుతో మా డాక్టరు గారు మాట్లాడతారు.

ఆరో సైకిల్ గారూ, స్కాన్ తేదీ మార్పించాను. అనుమతి కాగితం చేతికొచ్చాకే. మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మీ ఏడో సైకిల్ ఎప్పుడో అడగమంది, నోట్‌బుక్‌లో రాసుకుంటుందట.


ఆరో సైకిల్:

వచ్చే మంగళవారం అని చెప్పండి అమ్మగారికి. కౌంట్ ఎంత వచ్చిందో కూడా ఇక్కడే పెడతాను.